కారు కూసున్నది బావా



ఈ మధ్య జనగామలో ఒక పెళ్లికి పోయాను. ఫంక్షన్ హాలు ముందు ఒక తెల్ల కారు ఆగి ఉంది. పొడవాటి కారు. ముందు భాగాన జర్మనీ కంపెనీ గుర్తు ఎండకు తళతళలాడుతోంది. పిల్లలు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతున్నారు. పెద్దవాళ్లు కూడా ఒకసారి చుట్టూ తిరిగి చూసి గానీ లోపలికి పోవడం లేదు. అంతలో మా మేనల్లుడి దోస్తు ఒకడు నా పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు.

"మామా, గిసొంటిది సెకండ్ హ్యాండ్‌ల పది లక్షలకు వస్తున్నదట. గా పైసలకు కొత్తది చిన్న కారే వస్తది. ఏం జేయాలె?"

ఆ పిల్లవాడిది మానుకోట, అంటే మహబూబాబాద్ దగ్గరి ఊరు. ఇంట్లో మిర్చి పండిస్తారు. అదే ప్రశ్న నన్ను జనగామలో ఇంకొకరు అడిగారు. హైవే పక్కన ఎకరం భూమి అమ్మిన మనిషి. భూపాలపల్లిలో మరొకరు అడిగారు. సింగరేణిలో పని చేసి దిగిపోయిన మనిషి. అందుకే ఈ పూట దాని గురించే మాట్లాడుకుందాం. నేను ఐటీఐలో మోటారు మెకానిక్ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. పాత కార్ల బోనెట్ల కింద చాలా ఏళ్లు గడిపాను. ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

ముందుగా ఒక్క మాట. ఈ మాట మధ్యమధ్యలో మళ్లీ చెబుతాను, విసుక్కోకండి.

ప్రతి కారుకూ రెండు ధరలుంటాయి. ఒకటి మీరు కొనే ధర. రెండోది దాని పుట్టిన ధర. పుట్టిన ధర అంటే, షోరూం నుంచి కొత్తగా బయటికి వచ్చిన రోజున దాని ధర. కొనే ధర ఏడాదికేడాది పడిపోతుంది. పుట్టిన ధర మాత్రం ఆ కారును వదిలిపెట్టదు. కొనే ధర మీరు ఒక్కసారే కడతారు. ఆ తర్వాత ప్రతి రిపేరుకూ పుట్టిన ధర లెక్కనే కడతారు.

ఒక ఉదాహరణ చూడండి. కొత్తగా యాభై లక్షలున్న కారు. మీరు పది లక్షలకు కొన్నారు. అంటే ఐదో వంతుకు దొరికింది. ఒకరోజు రాత్రి అడవి పంది అడ్డం వచ్చి హెడ్‌లైటు పగిలింది. ఆ హెడ్‌లైటు మీకు ఐదో వంతు ధరకు వస్తుందా? రాదు. యాభై లక్షల కారుకు ఎంతో అంతే. కొత్త రకం ఎల్ఈడీ హెడ్‌లైటు ఒక్కటే లక్ష రూపాయలు దాటుతుంది. మీ జేబు పది లక్షల కారుది. బిల్లు యాభై లక్షల కారుది.

మరి అంత మంచి కారు అంత తక్కువకు ఎందుకు వస్తోంది? మనవాళ్లు అనుకుంటారు, పట్నంలో డబ్బున్నవాళ్లకు పాతది మొహం మొత్తింది, అందుకే అమ్ముకుంటున్నారు అని. కొంత నిజమే. కానీ ఇంకో నిజం ఉంది. మొదటి యజమాని కంపెనీ వారంటీ ఉన్నన్నాళ్లు నడుపుతాడు. ఏది చెడిపోయినా కంపెనీయే చూసుకుంటుంది. వారంటీ అయిపోయేనాటికి రబ్బర్లు గట్టిపడటం మొదలవుతుంది. ప్లాస్టిక్ పైపులు పెళుసెక్కుతాయి. రాబోయే ఖర్చు ఆయనకు తెలుసు. అమ్మేస్తాడు. రెండో యజమాని కొంతకాలం నడిపి, ఒకటి రెండు పెద్ద బిల్లులు కట్టి, మూడో పెద్ద బిల్లు వచ్చే ముందు అమ్మేస్తాడు. ఆ మూడో బిల్లు మన జనగామకో, మన మానుకోటకో వస్తుంది. తగ్గిన ధరలోనే ఆ బిల్లు దాగి ఉంటుంది.

ఢిల్లీ కార్ల సంగతి కూడా చెప్పాలి. ఢిల్లీ చుట్టుపక్కల పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగకూడదని ముందు హరిత ట్రిబ్యునల్, తర్వాత 2018లో సుప్రీంకోర్టు ఆదేశాలిచ్చాయి. దాంతో అక్కడ తొమ్మిదేళ్లు నిండిన డీజిల్ కారును అడిగేవాడు లేకుండా పోయాడు. అవి లారీలెక్కి దక్షిణానికి రావడం మొదలైంది. కారు బాగానే ఉండొచ్చు. ధర చూస్తే కళ్లు తిరుగుతాయి. కానీ ఆ ధరలో మన రాష్ట్రం పన్ను లేదు. దాని గురించి కాసేపాగి చెబుతాను.

ఇప్పుడు భూపాలపల్లికి పోదాం.

మా బావమరిది వరుసైన ఒకాయన ఉన్నాడు. బొగ్గు బాయిలో ముప్పై ఏళ్లకు పైగా చేశాడు. దిగిపోయినప్పుడు వచ్చిన డబ్బులో కూతురి పెళ్లి చేశాడు, ఇల్లు బాగు చేయించాడు. మిగిలిన దాంట్లోంచి కొడుకు పోరు పెడితే ఒక పెద్ద కారు కొన్నాడు. కొన్న రోజు ఇంటిముందు కొబ్బరికాయ కొట్టి నాకు ఫోన్ చేశాడు. "బావా, గిది కారు కాదు, మబ్బుల మీద పోయినట్టున్నది" అన్నాడు. నిజంగానే అట్లా ఉంటుంది. అటువంటి పెద్ద కార్లలో కొన్నింటికి మామూలు స్ప్రింగులుండవు. చక్రం దగ్గర గాలి నింపిన రబ్బరు సంచులుంటాయి. వాటిలోకి గాలి ఎక్కించడానికి ఒక చిన్న కంప్రెసర్ ఉంటుంది. మెర్సిడెస్ ఎస్-క్లాస్ వంటి కార్లలో ఉండేది ఇదే. గుంతలో పడినా లోపల కూర్చున్నవాళ్లకు తెలియదు.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున్నే మళ్లీ ఫోన్.

"బావా, కారు కూసున్నది."

"కూసున్నదేంది?"

"రాత్రి మంచిగనే పెట్టిన. పొద్దున లేచి చూస్తే ముందటి పక్క నేలకు ఆనింది. స్టార్ట్ జేస్తే జెరసేపటికి లేస్తున్నది. మళ్ల బంజేస్తే కూసుంటున్నది."

అర్థమైంది కదా. రబ్బరు సంచికి సన్నని పగులు వచ్చింది. రాత్రంతా గాలి కారిపోయింది. నేను అప్పుడే చెప్పాను, ఇక నడపొద్దు, ముందు ఆ సంచి మార్పించు అని. మా బావమరిది ఖర్చుకు వెనకాడాడు. స్టార్ట్ చేస్తే లేస్తోంది కదా, నడుస్తోంది కదా అనుకున్నాడు. ఇంకో రెండు నెలలు నడిపాడు. ఆ రెండు నెలలూ పాపం ఆ కంప్రెసర్ ఆగకుండా గాలి కొడుతూనే ఉంది. చిల్లి కుండలో నీళ్లు పోసినట్టు. చివరికి కంప్రెసర్ కాలిపోయింది. ఒక సంచితో పోయే పని, సంచి, కంప్రెసర్ రెండూ అయింది. కారును లారీ మీద హైదరాబాద్ పంపాడు. ఒక సంచి మార్చినప్పుడు దాని జత కూడా మార్చమన్నారు. కంపెనీ సామానైతే ఒక్కోటి లక్ష దాటడం మామూలే.

2024 దసరాకు సింగరేణి, విస్తరణకు తీసి పెట్టింది పోగా మిగిలిన లాభాల్లో 33 శాతం కార్మికులకు పంచింది. సగటున ఒక్కొక్కరికి లక్షా 90 వేలు వచ్చింది. ఏడాదంతా భూమి లోపల చెమటోడ్చిన మనిషికి వచ్చే దసరా వాటా అది. మా బావమరిది కారు ఒక్క రిపేరుకు అంతకంటే ఎక్కువ తిన్నది. ఆ బిల్లు నాకు చూపించినప్పుడు ఆయన ముఖం నేను మరిచిపోలేను. కోపం లేదు. ఇంట్లో చెప్పలేని సిగ్గు. అందుకే ఈ ప్రసంగం చేయాలనిపించింది.

భూపాలపల్లి రోడ్డు మీకు తెలుసు. పరకాల నుంచి రేగొండ మీదుగా పోయే దారి. బొగ్గు లారీలు, బూడిద లారీలు, గోదావరి ఇసుక లారీలు. ఎండాకాలంలో 45 డిగ్రీల వేడి. ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు, కొన్ని గుర్రం వీపంత ఎత్తు. ఈ పొడవాటి కార్లు నేలకు దగ్గరగా ఉంటాయి. నలుగురు ఎక్కి డిక్కీ నింపితే ఇంకా దిగుతాయి. స్పీడ్ బ్రేకర్ మీద కడుపు రాసుకుంటుంది. కింద ఉండేది ఇంజిన్ ఆయిల్ చాంబర్. అది పగిలి ఆయిల్ కారిపోతుంటే డ్రైవరుకు వెంటనే తెలియదు. ఎర్ర లైటు వెలిగాక కూడా, ఇంకో పది కిలోమీటర్లలో ఇల్లు వస్తుంది కదా అని నడిపితే ఇంజిన్ సీజ్ అయిపోతుంది. ఎర్ర లైటు వెలిగితే అక్కడే ఆపాలి. ఇల్లు కనిపిస్తున్నా సరే, అక్కడే ఆపాలి.

టైర్ల మాట. ఈ కార్లలో చాలావాటికి రన్‌ఫ్లాట్ టైర్లు వస్తాయి. పంక్చరైనా కొంత దూరం నడుస్తాయి. అందుకని కొన్నింటికి స్టెప్నీ కూడా ఉండదు. పట్నంలో బాగానే ఉంటుంది. రాత్రి పదింటికి మహాముత్తారం అడవిలో టైరు పక్కగోడ చీలితే? ఆ సైజు టైరు భూపాలపల్లిలో దొరకదు. హైదరాబాద్ నుంచి తెప్పించాలి. ఒక్కోటి పదిహేను వేలు, ఇరవై వేలు. పుట్టిన ధర అంటే ఇదే.

ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాకు వద్దాం. ఇక్కడ గేర్‌బాక్సు గురించి చెప్పాలి.

మన ఊళ్లలో బండి ఆగిపోతే ఏం చేస్తాం? ట్రాక్టరుకు తాడు కట్టి లాగుతాం. అంబాసిడర్ కాలం నుంచి అదే అలవాటు. పాత గేర్ల బండికి న్యూట్రల్‌లో పెట్టి లాగితే ఏమీ కాదు. ఈ ఆటోమేటిక్ కార్లకు మాత్రం అది ప్రాణాంతకం. ఎందుకో చెబుతాను. ఆటోమేటిక్ గేర్‌బాక్సు లోపల ఆయిల్ తిరగాలంటే ఇంజిన్ నడుస్తుండాలి. ఇంజిన్ నడుస్తుంటేనే ఆయిల్ పంపు తిరుగుతుంది. ఇంజిన్ ఆగిపోయిన కారును చక్రాల మీద లాగితే, చక్రాలతో పాటు గేర్‌బాక్సు లోపలి భాగాలు తిరుగుతాయి. ఆయిల్ మాత్రం తిరగదు. ఎండిపోయిన గానుగ తిప్పినట్టు. అట్లా కొంత దూరం లాగితే, బ్యాటరీ ఖర్చుతో పోయే రోగం గేర్‌బాక్సుకు ఎక్కవచ్చు. గేర్‌బాక్సు పని అంటే లక్షల్లో మాట. కాబట్టి గుర్తుంచుకోండి. ఆటోమేటిక్ కారు ఆగిపోతే తాడు కట్టొద్దు. కారు మొత్తాన్ని పైకెక్కించుకునే లారీని పిలవండి. ఆ లారీ కిరాయి కూడా ఈ కారు ఖర్చులోదే. మానుకోట నుంచైనా భూపాలపల్లి నుంచైనా హైదరాబాద్ సుమారు 200 కిలోమీటర్లు.

జనగామ వాళ్లకు ఈ ఒక్క విషయంలో సుఖం ఉంది. హైవే ఎక్కితే రెండు గంటల్లోపే పట్నం. కానీ జనగామలో ఇంకో రోగం చూశాను. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లకు పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే కారు అప్పుడప్పుడూ హైవే మీద అరగంట సేపు ఆగకుండా పోవాలి. కొందరు కారు కొన్నది ఊళ్లో తిరగడానికే. ఇంటి నుంచి దుకాణం, దుకాణం నుంచి ఇల్లు. రెండేసి కిలోమీటర్లు. ఫిల్టరు మసితో మూసుకుపోతుంది, కారు గుంజదు. బండికి పనిలేకపోవడం వల్ల వచ్చే రోగం ఇది. అటువంటివాళ్లు వారానికొకసారి పెంబర్తి దాటి ఆలేరు దాకా పోయి రండి. అదే మందు.

ఇంజిన్ల మాట కొంచెం వివరంగా చెబుతాను. పేరు పెట్టే చెబుతాను, ఎందుకంటే ఇవి ప్రపంచమంతా తెలిసిన సంగతులు.

బీఎండబ్ల్యూ 320డీ, 520డీ కార్లలో 2007 నుంచి కొన్నేళ్ల పాటు ఎన్47 అనే డీజిల్ ఇంజిన్ వచ్చింది. నడపడానికి అద్భుతమైన ఇంజిన్. దానికి ఒక లోపం. ఇంజిన్ లోపల వాల్వులను ఆడించే గొలుసు ఉంటుంది కదా, టైమింగ్ చైన్, దాన్ని ముందు వైపు కాకుండా వెనక, గేర్‌బాక్సు వైపు పెట్టారు. ఆ గొలుసు సాగిపోవడం, తెగిపోవడం చాలా దేశాల్లో జరిగింది. గొలుసు ధర పెద్దది కాదు. కానీ దాన్ని అందుకోవాలంటే ఇంజినో గేర్‌బాక్సో కిందికి దింపాలి. గొలుసు తెగితే వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి కొట్టుకుని ఇంజినే పోతుంది. తెగే ముందు చప్పుడు చేస్తుంది. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు, వెనక నుంచి గరగరమని. ఆ చప్పుడు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే బాగా తెలుస్తుంది. ఈ మాట మనసులో పెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

ఆడీ ఏ4 లో 2009, 2010 ప్రాంతంలో వచ్చిన 2.0 టీఎఫ్ఎస్ఐ పెట్రోలు ఇంజిన్లకు ఆయిల్ తాగే జబ్బు ఉండేది. పిస్టన్ రింగుల లోపం. అమెరికాలో యజమానులంతా కలిసి కోర్టుకు పోయారు. అటువంటి కారు కొన్నవాళ్లు సర్వీసుకు సర్వీసుకు మధ్యలో డబ్బాలకు డబ్బాలు ఆయిల్ పోస్తూ ఉండాలి. కొనేటప్పుడు అమ్మేవాడు నిండుగా పోసి చూపిస్తాడు. వెయ్యి కిలోమీటర్లు పోయాక తెలుస్తుంది.

ఈ కంపెనీల కార్లన్నీ ఇట్లాగే ఉంటాయని నేను అనడం లేదు. ఇదే కంపెనీల్లో మూడు లక్షల కిలోమీటర్లు పోయిన బండ్లు చూశాను. ఏ ఏడాది, ఏ ఇంజిన్ అన్నది చూడాలి. కారు రంగు చూసేముందు ఇంజిన్ పేరు అడగండి. రంగు చూసి మనసు పడ్డాక ఇంజిన్ గురించి ఎవరు చెప్పినా చెవికెక్కదు.

ఎలుకల గురించి చెప్పకపోతే అన్యాయం. మన ఇళ్ల దగ్గర వడ్ల బస్తాలుంటాయి, మిర్చి బస్తాలుంటాయి, పక్కనే కారు ఉంటుంది. వానాకాలంలో ఎలుకలు వెచ్చదనం వెతుక్కుంటూ బోనెట్ కిందికి చేరతాయి. వైర్లు కొరుకుతాయి. పాత జీపుకు వైరు తెగితే టేపు చుట్టి నడిపాం. ఈ కార్లలో పదుల కొద్దీ కంప్యూటర్ పెట్టెలుంటాయి, అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ ఉంటాయి. ఒక్క వైరు తెగితే డాష్‌బోర్డు మీద దీపావళి లాగా లైట్లు వెలుగుతాయి. బ్యాటరీ మార్చినా చాలావాటికి స్కానరు పెట్టి, కొత్త బ్యాటరీ వచ్చిందని కంప్యూటరుకు చెప్పాలి. చెప్పకపోతే పాత బ్యాటరీ అనుకుని అదే లెక్కన ఛార్జి చేస్తుంది, కొత్తది త్వరగా పోతుంది. మన మెకానిక్కులు తెలివి తక్కువవాళ్లు కారు. నా దగ్గర చదువుకున్న పిల్లలే ఎందరో ఉన్నారు, చప్పుడు విని రోగం చెబుతారు. కానీ ఆ కంపెనీ స్కానరు లేకుండా వాళ్లేం చేయగలరు? నాకు తెలియదు, పట్నం తీసుకుపోండి అని చెప్పే మెకానిక్కు మీకు మేలు చేసేవాడు.

ఇక నీళ్లు. ఈ విషయం మన జిల్లాల వాళ్లకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. 2023 జులైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు ఊరంతా మునిగింది. హెలికాప్టర్లు వచ్చి మనుషులను తీశాయి. 2024 సెప్టెంబరు ఒకటిన కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది కట్టే కొట్టుకుపోయింది. అదే రోజు మరిపెడ దగ్గర ఆకేరు వాగులో కారు కొట్టుకుపోయి తండ్రీకూతుళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. కారు ఎంత పెద్దదైనా, ఎంత బరువైనా, వాగు ముందు అది అగ్గిపెట్టె. వాగు పారుతుంటే ఆగండి. ఎంత పెద్ద పని ఉన్నా ఆగండి.

ప్రాణం తర్వాత కారు. నీళ్లలో ఇంజిన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయొద్దు. లోపలికి నీళ్లు పోయి ఉంటే, స్టార్ట్ చేసిన ఆ ఒక్క క్షణంలో లోపలి రాడ్లు వంగిపోతాయి. మామూలు ఇన్సూరెన్సు దీనికి డబ్బివ్వదు. ఇంజిన్ ప్రొటెక్షన్ అని వేరే కవర్ తీసుకుని ఉండాలి.

ఇంకో సంగతి. 2015లో చెన్నై మునిగింది, 2020లో హైదరాబాద్ మునిగింది. అప్పుడు మునిగిన ఖరీదైన కార్లను ఇన్సూరెన్సు కంపెనీలు టోటల్ లాస్ కింద వేలం వేశాయి. వాటిలో కొన్ని కడిగి, తుడిచి, సెంటు కొట్టి మళ్లీ అమ్మకానికి వచ్చాయి. ఈ కార్లలో కంప్యూటర్ పెట్టెలు కొన్ని సీట్ల కింద, కార్పెట్ కింద, డిక్కీ అడుగున ఉంటాయి. నీళ్లు తగిలినవి వెంటనే చావవు. మెల్లగా తుప్పు పట్టి ఏడాదికో రెండేళ్లకో చస్తాయి. మీరు చూడటానికి పోయినప్పుడు ఒక పని చేయండి. సీటు బెల్టును చివరిదాకా గుంజండి. ఆఖరి మూరెడు మీద బురద గీత ఉందా చూడండి. కార్పెట్ మూల లేపి వాసన చూడండి. కారంతా కడుగుతారు గానీ సీటు బెల్టు చివర ఎవరూ కడగరు.

పన్ను గురించి చెప్తానన్నాను, కాగితాల మాటతో కలిపి చెబుతాను. వేరే రాష్ట్రం కారు మన దగ్గర 12 నెలలకు మించి ఉంటే ఇక్కడ కొత్తగా రిజిస్ట్రేషన్ చేయించాలి. చట్టం అదే చెబుతుంది. దానికి అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్ఓసీ కావాలి. ఇక్కడ లైఫ్ ట్యాక్సు కట్టాలి. ఆ ట్యాక్సు దేని మీద వేస్తారు? మీరు కొన్న ధర మీద కాదు. కొత్తగా ఉన్నప్పటి ధరను, బండి వయసును చూసి వేస్తారు. చూశారా, ఇక్కడా పుట్టిన ధరే వచ్చింది. ఢిల్లీలో మూడు లక్షలు మిగిలిందని సంబరపడిన మనిషి, భూపాలపల్లి ఆర్టీఏ ఆఫీసులో ఆ మూడు లక్షలూ పెట్టవలసి రావచ్చు. ఎన్ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. పాత యజమాని పేరు మీద ఫైనాన్సు ఉంటే బ్యాంకు క్లియరెన్సు చూపించమనండి. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు మీ కళ్లముందు పెట్టించండి. ఇన్సూరెన్సు మీ పేరు మీదికి మార్పించండి. టీఎస్ 25, 26, 27 నంబర్ల బండ్లయితే, అంటే మన భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ బండ్లయితే, ఊళ్లో ఎవరినో ఒకరిని అడిగినా దాని చరిత్ర తెలుస్తుంది. అది చిన్న లాభం కాదు.

బేరం చేసేవాళ్లకు ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ 40 శాతం అయింది. అంతకు ముందు సెస్సుతో కలిపి 50 శాతం దాకా పడేది. కొత్త కార్ల ధరలు దిగాయి. కాబట్టి పాతకారు అమ్మేవాడు పాత ధరలు చెబితే ఒప్పుకోవద్దు.

అయితే కొనకూడదా? కొనొచ్చు. ఆ కారులో కూర్చున్నప్పుడు కలిగే సుఖం నిజమైనది. తలుపు వేసినప్పుడు వచ్చే ఆ దిమ్మటి చప్పుడు, హైవే మీద నేలకు అతుక్కున్నట్టు పోవడం, ప్రమాదం జరిగితే కాపాడే ఉక్కు గూడు. ఇవన్నీ నిజం. జీవితంలో ఒక్కసారి అటువంటి కారు ఇంటిముందు పెట్టుకోవాలని ఒక కార్మికుడికో రైతుకో కోరిక ఉంటే, దాన్ని తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. నా లెక్క ఒక్కటే. పది లక్షలు చేతిలో ఉన్నవాడు పది లక్షల కారు కొనొద్దు. ఏడు లక్షలది కొనండి. మూడు లక్షలు బ్యాంకులో పక్కన పెట్టండి. అది ఆ కారు డబ్బు, ఇంటి డబ్బు కాదు. పిల్లల ఫీజుకు తీయొద్దు, పంట పెట్టుబడికి తీయొద్దు. రెండేళ్లలో ఆ మూడు లక్షలు ఖర్చు కాకపోతే మీ అదృష్టం. ఆ మూడు లక్షలు పక్కన పెట్టలేని పరిస్థితి ఉంటే, కారు మీ స్థోమతకు మించింది.

మా బావమరిది చివరికి ఆ కారు అమ్మాడు. కొన్నదానిలో సగానికి పోయింది. ఊళ్లో ఏమనుకుంటారోనని ఆరు నెలలు అమ్మకుండా ఆగాడు, ఆ ఆరు నెలల్లో ఇంకో బిల్లు వచ్చింది. అమ్మిన రోజు సాయంత్రం ఫోన్ చేసి, "బావా, ఇయ్యాల నిద్ర వడ్తది" అన్నాడు.

పెళ్లిలో అడిగిన మానుకోట పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాను. వాడికి ఇదంతా చెప్పాను. అయినా మనసు నిలవలేదు. "ఒక్కసారి చూసొద్దాం మామా, నువ్వు కూడ రా" అన్నాడు. సరే అని ఇద్దరం హైదరాబాద్ పోయాం. ఒక కార్ల కన్సల్టెన్సీలో నల్లటి డీజిల్ కారు. అద్దంలా తుడిచి పెట్టారు. మీటరులో 42 వేల కిలోమీటర్లు. సింగిల్ ఓనర్, డాక్టరు గారి బండి అన్నారు. పిల్లవాడు సీట్లో కూర్చుని స్టీరింగ్ పట్టుకున్నాడు. వాడి కళ్లలో వెలుగు చూస్తే నాకే కొనిపెట్టాలనిపించింది.

నేను బోనెట్ మీద చెయ్యి పెట్టాను. వేడిగా ఉంది.

మేము వస్తున్నామని ముందే ఫోన్ చేశాం. మేము రాకముందే స్టార్ట్ చేసి ఇంజిన్ వేడెక్కించి పెట్టారు. చల్లని ఇంజిన్ చేసే చప్పుడు మాకు వినిపించకూడదని. కిందికి వంగి టైరు పక్కన చూశాను. ప్రతి టైరు మీదా నాలుగంకెలుంటాయి, మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. నాలుగు టైర్లూ కొత్తవే. 42 వేలు తిరిగిన బండికి నాలుగు టైర్లూ అప్పుడే ఎందుకు మార్చారు? బ్రేక్ పెడల్ మీది రబ్బరు చూశాను. గీతలన్నీ అరిగి నున్నగా అయింది. అది లక్షన్నర తిరిగిన కాలి ముద్ర. కంపెనీలో సర్వీసు రికార్డు తీయిద్దాం అన్నాను. అమ్మే ఆయన, "గంతగనం ఎందుకు సార్, ఇంకో పార్టీ రెడీగ ఉన్నది" అన్నాడు.

పిల్లవాడు కారు దిగాడు. తలుపు మెల్లగా వేశాడు, ఆ చప్పుడు వినడానికే కావచ్చు.

ఆ సాయంత్రం శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో తిరిగొచ్చాం. కాజీపేట దాటేదాకా వాడు ఏమీ మాట్లాడలేదు. మిర్చి డబ్బున్న సంచి ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి చూస్తున్నాడు. వరంగల్ వచ్చాక నా వైపు తిరిగాడు.

"మామా, ఇంకోటి చూద్దామా?"

"చూద్దాం" అన్నాను. "ఈసారి ఫోన్ చేయకుండా పోదాం. తెల్లారకముందే."